పికప్‌కు పెద్ద టైర్లు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నాది నాలుగు తలుపుల ఫోర్ వీల్ డ్రైవ్ పికప్. కంపెనీ నుంచి వచ్చిన టైర్లు 265/65 ఆర్ 17, రిమ్ములు 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ ప్లస్ 30. వారంలో నాలుగైదు రోజులు వెనుక తొట్టిలో బరువు ఉంటుంది. రాళ్ల దారిలో బండి అడుగు తగులుతోంది. టైర్లు అమ్మే ఆయన 285/70 ఆర్ 17 టైర్లు, వాటికి 9 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ ఉన్న అలాయ్ రిమ్ములు వేయించుకోమంటున్నారు. బండి బాగా ఎత్తు పెరుగుతుందని, ఇంకే మార్పూ అక్కర్లేదని చెబుతున్నారు. ఆయన మాట నమ్మవచ్చా?

సమాధానం: ముందు మీ టైరు మీదున్న అంకెలతోనే లెక్క వేద్దాం. 265 అన్నది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అన్నది ఆ వెడల్పులో టైరు పక్కభాగం ఎత్తు ఎంత శాతమో చెబుతుంది; అంటే సుమారు 172 మిల్లీమీటర్లు. 17 అన్నది అంగుళాలలో రిమ్ము వ్యాసం, 431.8 మిల్లీమీటర్లు. రిమ్ము వ్యాసానికి పైనా కిందా ఉన్న పక్కభాగాలను కలిపితే టైరు మొత్తం వ్యాసం 776 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే లెక్కన 285/70 ఆర్ 17 టైరు వ్యాసం 831 మిల్లీమీటర్లు. తేడా 55 మిల్లీమీటర్లు, అంటే 7 శాతం. అయితే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి బండి లేచేది ఈ తేడాలో సగమే, 27 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంగుళం ఎత్తు కోసం మీరు ఏమేమి వదులుకోవలసి వస్తుందో చూసిన తరువాతే నిర్ణయించుకోవాలని నా కోరిక.

మొదటిది లాగే శక్తి. చక్రం వ్యాసం 7 శాతం పెరిగితే ఇంజను నుంచి వచ్చే అదే తిప్పే బలానికి, అంటే టార్క్‌కు నేల మీద దొరికే బలం దాదాపు ఆరున్నర శాతం తగ్గుతుంది. మీ బండి డిఫరెన్షియల్ (ఇంజను బలాన్ని ఇరుసు మీది రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) నిష్పత్తి 3.9 అనుకుంటే, పెద్ద టైరుతో అది 3.64 నిష్పత్తి ఉన్న బండిలా నడుస్తుంది. ఖాళీ బండితో చదునైన రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఒక గేరు తక్కువలో వెళ్లవలసి వస్తుంది, మాన్యువల్ గేరు బండి అయితే కదిలించే ప్రతిసారీ క్లచ్ మరికొంత అరుగుతుంది. బ్రేకుల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. డిస్కు పాతదే, చక్రం మాత్రం పెద్దది కాబట్టి అంతే దూరంలో బండిని ఆపాలంటే బ్రేకు 7 శాతం ఎక్కువ పని చేయాలి. పైగా పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ. తిరిగే చక్రం అంచున చేరిన బరువును ముందుకు కదిలించడమే కాక తిప్పవలసి కూడా ఉంటుంది కాబట్టి, వేగం అందుకునేటప్పుడు ఆ బరువు దాదాపు రెండింతలుగా పనిచేస్తుంది. ఒక్కో టైరు 5 కిలోలు పెరిగితే నాలుగూ కలిసి 20 కిలోలే అయినా, ఇంజను మీద పడే భారం సుమారు 40 కిలోలు.

రెండవది, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఆయన చెప్పిన రిమ్ము. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యగా గీత గీస్తే, హబ్‌కు ఆనుకునే తలం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. ఆ తలం బయటి వైపుకు ఉంటే ప్లస్, లోపలి వైపుకు ఉంటే మైనస్. ప్లస్ 30 నుంచి సున్నాకు వస్తే చక్రం మొత్తంగా 30 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. రిమ్ము వెడల్పు అంగుళంన్నర పెరిగింది కనుక అందులో సగం, మరో 19 మిల్లీమీటర్లు, బయటి వైపే వస్తుంది. వెరసి రిమ్ము బయటి అంచు ఇప్పుడున్న చోటు నుంచి 49 మిల్లీమీటర్లు, అంటే ఐదు సెంటీమీటర్లు, బయటికి పొడుచుకు వస్తుంది. చూపుకు అది బలిష్ఠంగా కనిపిస్తుందన్న మాట కాదనను. కానీ ముందు చక్రం తిరిగే ఇరుసు కీలు పాత చోటే ఉంది. చక్రం దానికి ఎంత దూరం జరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు అంత పెద్ద వలయంలో తిరుగుతుంది, ముందు బంపరు మూలనూ, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ వెనుక భాగాన్నీ ఒరుసుకుంటుంది. గుంతలో ఒక చక్రం పడితే స్టీరింగ్ చేతిలో ఎగరడం, బేరింగుల మీదా బాల్ జాయింట్ల మీదా ఒత్తిడి పెరిగి అవి త్వరగా పోవడం, చక్రాలు విసిరే బురద తలుపుల మీద పడడం కూడా దీని వల్లనే. 285/70 టైరే కావాలనుకున్నా దానికి 9 అంగుళాలు, సున్నా ఆఫ్‌సెట్ తప్పనిసరి కాదు. 8 లేదా 8.5 అంగుళాల రిమ్ము, పాతదానికి దగ్గరగా ఉన్న ఆఫ్‌సెట్ సరిపోతుంది. అయితే లోపలి వైపు సస్పెన్షన్ చేతికీ (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకీ) టైరుకూ మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో కొలిచి చూడాలి.

షాపులో బండి నిలబెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తగలడం లేదు చూడండి అంటారు. ఆ పరీక్ష చాలదు. చదునైన నేల మీద సస్పెన్షన్ సగం వరకే నొక్కుకుని ఉంటుంది. ఒక ముందు చక్రాన్ని గట్టి దిమ్మె మీదికి ఎక్కించి, స్ప్రింగు బాగా నొక్కుకున్న ఆ స్థితిలో స్టీరింగ్ చివరంటా రెండు వైపులా తిప్పించండి. తరువాత రెండో వైపు చక్రానికీ అదే చేయండి. రివర్సులో కొద్దిగా కదిలించి కూడా చూడండి, ఎందుకంటే కొన్ని బండ్లలో టైరు వెనక్కి నడిచినప్పుడే తగులుతుంది. వెనుక చక్రాలకైతే తొట్టిలో మీరు మామూలుగా వేసే బరువు వేసి చూడాలి. డబ్బు చెల్లించాక కాదు, ఒక్క ముందు టైరు బిగించగానే ఈ పరీక్ష చేయమని అడగండి.

మూడవది బరువు మోసే సామర్థ్యం. టైరు కొలత పక్కన 112 ఎస్ వంటి గుర్తు ఉంటుంది. 112 అంటే నిర్ణీత గాలితో ఒక్కో టైరు 1120 కిలోలు మోయగలదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగానికి తయారైంది. 116 అయితే 1250 కిలోలు, 121 అయితే 1450 కిలోలు. కొత్త టైరు సూచిక పాతదాని కంటే తక్కువ ఉండరాదు, ఇందులో బేరమాడే సందే లేదు. కొలత ముందు ఎల్‌టీ అన్న అక్షరాలుంటే అది తేలికపాటి ట్రక్కుల తరగతి టైరు. దాని మీద 121/118 అని రెండు అంకెలుంటే రెండవది ఒకే వైపు జంటగా బిగించినప్పటి లెక్క. ఎల్‌టీ టైరు మందంగా, గట్టిగా ఉంటుంది, రాళ్ల కోతలను బాగా తట్టుకుంటుంది. కానీ అదే బరువు మోయడానికి మామూలు టైరు కంటే దానికి ఎక్కువ గాలి కావాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె కంపెనీ ఇచ్చిన టైరు కోసం రాసింది. ఎల్‌టీ టైరులో అంతే గాలి కొట్టి తొట్టి నిండా బరువు వేస్తే పక్కభాగాలు వంగి వేడెక్కుతాయి. టైరు తయారీదారులు బరువుకు ఎంత గాలి అన్న పట్టికను ఇస్తారు, కొనేటప్పుడే దాన్ని అడిగి తీసుకోండి.

ఇక నా సలహా. అడుగు ఎక్కడ తగులుతోందో ముందు పడుకుని చూడండి. మీరు రోజూ బరువు మోస్తున్నారు కాబట్టి వెనుక కమాను పట్టీలు అలసి వాలిపోయి ఉండే అవకాశం ఉంది. అదే కారణమైతే టైరు మార్చినా ప్రయోజనం ఉండదు, మీరు మోసే బరువుకు తగిన పట్టీలు వేయించుకుంటేనే వెనుక భాగం మళ్లీ లేస్తుంది. ఇంజను కింది రేకు, గేర్‌బాక్సు తగులుతున్నాయంటే వాటికి మందపాటి ఉక్కు రక్షణ పలక బిగించుకోవడం అంగుళం ఎత్తు కంటే నమ్మకమైన ఉపాయం. ఆ తరువాత కూడా టైరు పెంచాలనిపిస్తే 265/70 ఆర్ 17 ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే) టైరును మీ పాత రిమ్ముల మీదే వేయించండి. దాని వ్యాసం 803 మిల్లీమీటర్లు, పెరుగుదల మూడున్నర శాతం లోపే, బండి 13 మిల్లీమీటర్లు లేస్తుంది. ఇది చిన్న లాభమే, కానీ గట్టి ట్రెడ్ వల్ల రాళ్ల దారిలో కలిగే మేలు మీకు ఎత్తు కంటే ఎక్కువగా తెలుస్తుంది, బ్రేకులకూ క్లచ్‌కూ పెద్దగా తేడా పడదు. దీనికైనా పైన చెప్పిన దిమ్మె పరీక్ష తప్పదు. మార్చిన టైర్లకు మీ ప్రాంతపు రవాణా నిబంధనలూ బీమా షరతులూ ఒప్పుకుంటాయో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ప్రశ్న: రెండు అంగుళాల లిఫ్ట్ కిట్ వేయిస్తే ఎంత పెద్ద టైరైనా ఒరుసుకోదని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

సమాధానం: కాదు. ఈ అపోహ చాలామందిలో ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. సస్పెన్షన్ లిఫ్ట్ బండి నిలబడి ఉన్నప్పటి ఎత్తును పెంచుతుంది. కానీ పెద్ద గుంతలో స్ప్రింగు పూర్తిగా నొక్కుకుని రబ్బరు బంప్ స్టాపును తాకినప్పుడు చక్రం ఎక్కడి దాకా పైకి వెళుతుందో నిర్ణయించేది ఆ స్టాపే. దాన్ని మార్చకపోతే, లిఫ్ట్ వేసినా వేయకపోయినా చక్రం చేరే చోటు ఒక్కటే. కాబట్టి ఊరి వీధుల్లో తగలని టైరు గుంతల దారిలో మడ్‌గార్డును చీల్చుతుంది. పెద్ద టైరు కోసం లిఫ్ట్ వేసేవారు బంప్ స్టాపును కూడా కిందికి దింపుతారు, అప్పుడు చక్రానికి ఉన్న కదలిక తగ్గి ప్రయాణం కొంత కుదుపుగా మారుతుంది. బాడీ లిఫ్ట్ అనేది వేరే పద్ధతి. అందులో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే పైకెత్తుతారు. మడ్‌గార్డులో ఖాళీ నిజంగానే పెరుగుతుంది, కానీ ఛాసిస్, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఉన్న చోటే ఉంటాయి కనుక రాళ్లకు తగిలే భాగాలు ఒక్క మిల్లీమీటరు కూడా లేవవు.

ముందు చక్రాలకు విడి సస్పెన్షన్ ఉన్న బండిని రెండు అంగుళాలు లేపితే డ్రైవ్ షాఫ్టులు మరింత వంపుతో తిరగవలసి వస్తుంది, వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. చక్రాల అలైన్‌మెంట్ తప్పుతుంది, కొన్నిసార్లు సర్దుబాటు పరిధి చాలక సస్పెన్షన్ పై చేతులను కూడా మార్చవలసి వస్తుంది. బ్రేకు గొట్టాలు బిగుసుకోకుండా చూసుకోవాలి. హెడ్‌లైట్లు పైకి చూసి ఎదుటివారి కళ్లలో పడతాయి కాబట్టి వాటిని దించాలి. ముందు కెమెరాతో, రాడార్‌తో తనంతట బ్రేకు వేసే ఏర్పాటు ఉన్న బండి అయితే ఆ పరికరాలను తిరిగి సరిచేయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బండి బరువు కేంద్రం పైకి జరుగుతుంది. తొట్టిలో ఎత్తుగా సామాను వేసుకుని మలుపు తిరిగే బండికి అది అపాయం. పని బండిగా వాడుకునేవారికి నేను లిఫ్ట్‌ను సిఫారసు చేయను.

ప్రశ్న: టైరు పెద్దది చేయకుండా రిమ్ము మాత్రం 17 నుంచి 20 అంగుళాలకు మార్చుకుంటే ఏమైనా నష్టమా? చూడడానికి చాలా బాగుంది.

సమాధానం: మొత్తం వ్యాసం మారకుండా రిమ్ము పెంచడం సాధ్యమే. 265/65 ఆర్ 17 వ్యాసం 776 మిల్లీమీటర్లు; 265/60 ఆర్ 18 వ్యాసం 775; 265/50 ఆర్ 20 వ్యాసం 773. అందువల్ల స్పీడోమీటరుకూ గేర్లకూ ఇబ్బంది రాదు. తేడా అంతా టైరు పక్కభాగంలో ఉంది. 17 అంగుళాల రిమ్ము మీద రబ్బరు 172 మిల్లీమీటర్లు ఉంటే 20 అంగుళాల మీద 132 మిల్లీమీటర్లే మిగులుతుంది. గుంత అంచు తగిలినప్పుడు ఆ దెబ్బను మింగేది ఈ రబ్బరూ, అందులోని గాలే. అవి తగ్గితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగిలి అది వంగుతుంది, లేదా పగులుతుంది. ఇసుకలో, బురదలో గాలి తగ్గించి టైరును పరుచుకునేలా చేసి బయటపడే ఉపాయం కూడా పొట్టి పక్కభాగంతో కుదరదు. మలుపుల్లో స్టీరింగ్ చురుకుగా స్పందించడం దీని లాభం. రోడ్డు దాటి వెళ్లని బండికి 18 వరకు అభ్యంతరం లేదు. మట్టి దారిలో తిరిగే పికప్‌కు 17 అంగుళాలే నయం. కొత్త టైరు బరువు సూచిక పాతదానికి తగ్గకుండా చూడడం ఇక్కడా వర్తిస్తుంది.

ప్రశ్న: 265/65 నుంచి 285/70 టైర్లకు మారాక నా బండి మైలేజీ లీటరుకు 12 నుంచి 10 కిలోమీటర్లకు పడిపోయింది. ఇంజనులో లోపమా?

సమాధానం: ఇంజనును విప్పించే ముందు మీటరును సరిచూడండి. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే 7 శాతం ఎక్కువ దూరం వెళుతుంది, కానీ బండి లెక్కపెట్టేది చుట్లనే. మీటరు 500 కిలోమీటర్లు చూపితే మీరు నిజంగా 535 కిలోమీటర్లు వెళ్లారు. 50 లీటర్లు పోస్తే మైలేజీ 10 కాదు, 10.7. నిజమైన తగ్గుదల 1.3 మాత్రమే, అది బరువైన, గరుకైన, వెడల్పైన టైరుకు అసహజం కాదు. గాలి తక్కువ ఉందేమో కూడా చూడండి.

ఇదే లెక్క వేగానికి వర్తిస్తుందన్నది మైలేజీ కంటే పెద్ద విషయం. ముల్లు 100 దగ్గర ఉన్నప్పుడు మీ బండి గతంలో కంటే 7 శాతం వేగంగా పోతోంది. స్పీడోమీటరు నిజ వేగం కంటే తక్కువ చూపరాదని అనేక దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. అందుకే తయారీదారులు ముల్లు కాస్త ఎక్కువే చూపేలా అమరుస్తారు, ఆ వెసులుబాటును మీ పెద్ద టైరు తినేసింది. ఫోనులోని జీపీఎస్ వేగాన్ని పక్కన కూర్చున్నవారి చేత చదివించి పోల్చుకోండి. చాలా కొత్త బండ్లలో టైరు కొలతను కంప్యూటరులో మార్చే వీలుంటుంది; ఆ పని చేయిస్తే మీటరుతో పాటు ఆటోమేటిక్ గేర్లు మారే సమయం కూడా సర్దుకుంటుంది.

ప్రశ్న: నాలుగు టైర్లు పెద్దవి వేయించి, స్టెపినీ మాత్రం పాత కొలతదే ఉంచుకున్నాను. పరవాలేదా?

సమాధానం: దగ్గరలోని పంక్చరు షాపు వరకు నెమ్మదిగా వెళ్లడానికి మాత్రమే. ఒకే ఇరుసు మీద ఒక చక్రం చిన్నదైతే తిన్నగా వెళుతున్నా డిఫరెన్షియల్ ఆగకుండా పని చేస్తూ వేడెక్కుతుంది. మీ బండిలో ఇంజను బలం మామూలుగా వెనుక చక్రాలకు వెళుతుంటే, పంక్చరు వెనుక పడినా సరే, ముందు నుంచి ఒక పెద్ద చక్రాన్ని వెనక్కి మార్చి స్టెపినీని ముందు బిగించండి. అది ఉన్నంతసేపు ఫోర్ వీల్ డ్రైవ్ వేయకండి. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ బలం పంచే బండి అయితే వేరే కొలత స్టెపినీ అసలే పనికిరాదు. కొత్త కొలతలో ఐదో టైరు కొనండి. తొట్టి కింద వేలాడే చోట అది పడుతుందో లేదో కొలిచి చూసుకోండి, చాలా బండ్లలో పట్టదు.

ప్రశ్న: కొత్త అలాయ్ రిమ్ములు వేయించాక గంటకు 80 కిలోమీటర్లు దాటితే స్టీరింగ్ వణుకుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు.

సమాధానం: రిమ్ము మధ్య రంధ్రం కొలతను హబ్ కొలతతో పోల్చి చూడండి. ఆరు బోల్టుల వలయం 139.7 మిల్లీమీటర్లున్న పికప్‌లు ఎన్నో ఉన్నాయి, కానీ వాటి హబ్ వ్యాసాలు ఒకటి కావు. అన్నిటికీ పట్టాలని బయట అమ్మే రిమ్ములకు మధ్య రంధ్రం పెద్దదిగా చేస్తారు. అప్పుడు చక్రం హబ్ మీద కాక నట్ల మీదే ఆనుతుంది, వెంట్రుకవాసి పక్కకు కూర్చున్నా వణుకు వస్తుంది. ఆ ఖాళీని పూరించే రింగులు హబ్ కొలతకు సరిగ్గా దొరుకుతాయి, వాటిని వేయించండి. రెండవది నట్లు. రిమ్ములో నట్టు కూర్చునే గుంత శంకువు ఆకారంలో ఉందా, గుండ్రంగా ఉందా, చదునుగా ఉందా అన్నదాన్ని బట్టి నట్టు కూడా అదే ఆకారంలో ఉండాలి. పాత నట్లనే కొత్త రిమ్ముకు వాడితే అవి అంచు మీద మాత్రమే పట్టుకుంటాయి.

ఈ రెండో సంగతి నాకు అనుభవంతో తెలుసు. ఒక షాపులో రిమ్ములు మార్పించుకుని బయలుదేరిన మర్నాడు ముందు ఎడమ చక్రం నుంచి టకటకమన్న చప్పుడు వినిపించి ఆగి చూస్తే, ఆరు నట్లలో నాలుగు చేతితో తిరిగేంత వదులుగా ఉన్నాయి. రిమ్ము శంకువు గుంతలకు గుండ్రని నట్లు బిగించారు. ఆ రోజు ఆగకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. అందుకే నట్లను గాలి యంత్రంతో బిగించి వదిలేయనివ్వకండి. చక్రాన్ని జాకీ మీద ఉంచి నట్లను చేతితో తిప్పి కూర్చోబెట్టి, తరువాత బండి పుస్తకంలో చెప్పిన టార్క్‌కు ఎదురెదురు వరుసలో టార్క్ రెంచితో బిగించమనండి. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, రిమ్ములు చల్లగా ఉన్నప్పుడు అదే టార్క్‌తో మరోసారి సరిచూడండి. ఈ లోపు వణుకు పెరిగినా, కొత్త చప్పుడు వినిపించినా బండిని వెంటనే పక్కకు ఆపండి.